తొమ్మిది కుర్చీల్లో నాలుగు
బుద్ధగయ బౌద్ధుల పోరాటం ముస్లింలకు ఎందుకు సొంత విషయం?

గౌతముడు బోధి వృక్షం కింద జ్ఞానోదయం పొందిన చోటు బుద్ధగయ. ప్రపంచంలోని బౌద్ధులందరికీ అంతకు మించిన పుణ్యస్థలం లేదు. అక్కడి మహాబోధి మహావిహారాన్ని నిర్వహించడానికి బీహారు ప్రభుత్వం 1949లో ఒక చట్టం తెచ్చింది. గయ జిల్లా కలెక్టరు ఆ విహార నిర్వహణ కమిటీకి అధ్యక్షుడిగా ఉంటాడని ఆ చట్టం నిర్దేశించింది. అంతటితో ఊరుకోలేదు. ఆ కలెక్టరు హిందువు కాని పక్షంలో, అతడు ఆ పదవిలో ఉన్నంత కాలం ప్రభుత్వం వేరొక హిందువును అధ్యక్షుడిగా నియమించాలని కూడా రాసిపెట్టింది.

ఈ నిబంధనకు అర్థమేమిటో పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. గయకు ముస్లిం కలెక్టరు బదిలీపై వస్తే ఆ కుర్చీలో కూర్చోరాదు. క్రైస్తవుడు వచ్చినా కూర్చోరాదు. ఇది బౌద్ధుల స్థలం గనుక ఆ మాత్రం జాగ్రత్త అవసరమేనని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. కాని బౌద్ధుడైన కలెక్టరు వచ్చినా అదే గతి! బుద్ధుడు బుద్ధుడైన చోట, బౌద్ధుడు అయినందుకే ఒక అధికారి అధ్యక్ష పదవికి అనర్హుడు. 2013లో బీహారు శాసనసభ ఆ వాక్యాన్ని తొలగించేదాకా, అరవై నాలుగేళ్ల పాటు, ఈ దేశంలో అది చెల్లుబాటైన చట్టం.

ఆ ఒక్క వాక్యం పోయింది. మిగిలిన చట్టం అలాగే ఉంది. దానిని రద్దుచేసి విహారాన్ని తమకు అప్పగించాలని 2025 ఫిబ్రవరిలో బౌద్ధ భిక్షువులు బుద్ధగయలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. వారికి మద్దతుగా దేశంలోని అనేక పట్టణాల్లో ఊరేగింపులు జరిగాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక పిటిషనర్‌ను ఆ ఏడాది జూన్ ఆఖరున హైకోర్టుకు వెళ్లమని ధర్మాసనం పంపించింది. సరిగ్గా అదే కాలంలో మనం వక్ఫ్ సవరణ చట్టానికి వ్యతిరేకంగా వీధుల్లో ఉన్నాం. రెండు ఆందోళనలు పక్కపక్కనే నడిచాయి. మనలో ఎంతమంది తలతిప్పి అటువైపు చూశాం?

ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను. బుద్ధగయలో జరిగినది ఏమిటో తెలుసుకోకుండా వక్ఫ్ విషయంలో మనకు జరగబోయేది ఏమిటో అర్థం కాదని నా వాదన. అంతకుమించి, బుద్ధగయ బౌద్ధులకు న్యాయం కోరని నోటితో మనకు న్యాయం అడిగే నైతిక హక్కు మనకు లేదని కూడా నా వాదన.

చట్టంలో ఏముంది?

కమిటీలో మొత్తం తొమ్మిది కుర్చీలు. నాలుగు హిందువులకు, నాలుగు బౌద్ధులకు, తొమ్మిదవది కలెక్టరుకు. హిందువుల నాలుగింటిలో ఒకటి స్థానిక శైవ మఠాధిపతి అయిన మహంతుకు చట్టమే రాసిచ్చింది. సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. బౌద్ధ సంఘం తన ప్రతినిధులను తానే ఎన్నుకునే పద్ధతి లేదు. బౌద్ధ సభ్యులు సైతం ప్రభుత్వం ఎంపిక చేస్తేనే ఆ బల్ల ముందు కూర్చుంటారు.

పైకి చూస్తే నాలుగుకు నాలుగు, ఎంత సమానం! కాని ఇది ఎవరి ఇల్లు అన్న ప్రశ్న అడిగితే ఈ సమానత్వం బండారం బయటపడుతుంది. ఒకరి ఇంటి నిర్వహణలో ఇంటివారికి సగం, ఇరుగువారికి సగం ఇచ్చి, నిర్ణయించే ఓటు తహసీల్దారు చేతిలో పెడితే దానిని సమానత్వం అంటామా? తొమ్మిదిలో నాలుగు ఎప్పటికీ అయిదు కాదు. సభ్యులు మారవచ్చు, ప్రభుత్వాలు మారవచ్చు. కాని తమ పరమ పవిత్ర స్థలంలో బౌద్ధులు ఎప్పటికీ అల్పసంఖ్యాకులుగానే ఉండాలన్నది ఆ చట్టం కట్టిన లెక్క.

భూముల సంగతి మరింత గమనించదగినది. 'ఆలయ భూమి' అంటే ఏది? ఆలయం, దాని ప్రాంగణం ఉన్న భూమి అని చట్టం మొదలుపెట్టి, అది ఎంత మేరకు వర్తించాలో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్దేశిస్తుందని ముగించింది. అంటే హద్దురాయి ఎక్కడ పాతాలో సర్కారే చెబుతుంది. స్థిరాస్తిని బదలాయించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆలయాన్నిగాని ఆలయ భూమినిగాని వినియోగించే తీరుపై హిందువులకూ బౌద్ధులకూ మధ్య వివాదం వస్తే తీర్పు చెప్పేది కూడా రాష్ట్ర ప్రభుత్వమే, ఆ తీర్పే అంతిమం. కమిటీని నియమించేది, దానికి అధ్యక్షుడిని ఇచ్చేది, భూమి హద్దు నిర్ణయించేది, తగవు తీర్చేది, అన్నీ ఒకే చెయ్యి. ఇన్ని అధికారాలు ఒకే చోట పోగుపడిన వ్యవస్థకు 'నిర్వహణ' అనే పేరు చాలా మర్యాదైన పేరు.

ఈ చట్టం ఎలా వచ్చింది?

కాలక్రమంలో బుద్ధగయ ఆ ప్రాంతపు శైవ మఠం అధీనంలోకి వెళ్లింది. పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో బర్మా రాజు పంపిన బృందాలు, ఆ తర్వాత బ్రిటిషు పురావస్తు అధికారులు శిథిలమైన ఆలయాన్ని మరమ్మతు చేయించారు. 1891లో సింహళం నుంచి వచ్చిన అనగారిక ధర్మపాల ఆ స్థలం దుస్థితిని చూసి, దానిని బౌద్ధులకు తిరిగి ఇప్పించేందుకు మహాబోధి సొసైటీని స్థాపించారు. 1895లో ఆయన జపాను నుంచి వచ్చిన బుద్ధ ప్రతిమను ఆలయం పై అంతస్తులో ప్రతిష్ఠించబోగా మహంతు మనుషులు దానిని తొలగించారు. కేసు నడిచింది. కింది కోర్టులో శిక్ష పడినా కలకత్తా హైకోర్టులో అది నిలవలేదు.

1922లో కాంగ్రెసు మహాసభ గయలోనే జరిగింది. బౌద్ధులు తమ గోడు అక్కడ చెప్పుకున్నారు. ఆ విషయాన్ని పరిశీలించే బాధ్యత బాబూ రాజేంద్రప్రసాద్‌కు అప్పగించారు. హిందువులు, బౌద్ధులు సమానంగా ఉండే ఉమ్మడి కమిటీ అన్న సూచన అక్కడ పుట్టింది. 1949 చట్టం ఆ సూచనకు కలెక్టరును జోడించి శాసన రూపం ఇచ్చింది. 1953లో నిర్వహణ కమిటీ చేతికి వచ్చింది.

మఠాధిపతి ఏకఛత్రాధిపత్యం పోయి, బౌద్ధులకు కొన్ని కుర్చీలైనా దక్కాయి గనుక ఆనాటికి అది ఒక మెట్టు ముందుకేనని ఒప్పుకుందాం. కాని ఆ మెట్టు మీదే వారిని మూడు తరాలు నిలబెట్టారు. కాంగ్రెసు పాలించింది, మార్చలేదు. 1990లలో లాలూ ప్రసాద్ ప్రభుత్వ హయాంలో బౌద్ధులకు నిర్వహణ అప్పగించే బిల్లు ముసాయిదా తయారైంది, చట్టం కాలేదు. నితీశ్ కుమార్ ప్రభుత్వం 2013లో అధ్యక్షుడి మతం సంగతి సవరించి మిగతాదంతా వదిలేసింది. కనుక ఇది ఒక్క పార్టీ పాపం కాదు. అల్పసంఖ్యాకుల సంస్థల విషయానికి వచ్చేసరికి సెక్యులర్ అని చెప్పుకునే ప్రభుత్వాల చెయ్యి కూడా అంత తేలిగ్గా పట్టు వదలదన్నది మనం గుర్తుంచుకోవలసిన మొదటి పాఠం.

"అందరూ వచ్చే చోటు కదా!"

బౌద్ధుల కోర్కెకు ఎదురుగా చెప్పే ప్రధాన వాదన ఒకటుంది. హిందువులు బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా కొలుస్తారు. గయకు పితృకార్యాలకు వచ్చేవారు బుద్ధగయలోనూ పిండప్రదానం చేస్తారు. ఇరువురూ వచ్చే చోటును ఇరువురూ నిర్వహించడంలో తప్పేమిటి?

ఈ వాదన రెండు వేర్వేరు హక్కులను ఒకటిగా కలిపేస్తుంది. రావడం ఒక హక్కు. నిర్వహించడం మరొక హక్కు. హిందువులను రావద్దనమని మనం అనడం లేదు. దర్శనానికి, పిండప్రదానానికి ఉన్న అవకాశాన్ని చట్టంలో పదిలంగా ఉంచవచ్చు. కాని వచ్చేవారందరికీ నిర్వహణలో వాటా ఇవ్వాలన్న సూత్రాన్ని ఈ దేశంలో ఇంకెక్కడైనా పాటిస్తున్నారా?

అజ్మీరు తీసుకోండి. ఖ్వాజా గరీబ్ నవాజ్ దర్గాకు వచ్చే హిందువులకు లెక్క లేదు. అయినా 1955లో పార్లమెంటు దర్గా ఖ్వాజా సాహెబ్ చట్టం చేసినప్పుడు, కమిటీ సభ్యులందరూ హనఫీ ముస్లింలై ఉండాలని నిర్దేశించింది. అందరూ వచ్చే చోటు గనుక సగం కుర్చీలు ఇతరులకు ఇవ్వాలని నాటి పార్లమెంటులో పెద్దలు అనుకోలేదు. బుద్ధగయ చట్టానికి, అజ్మీరు చట్టానికి మధ్య ఆరేళ్లే తేడా.

మన నెల్లూరు సంగతి చూడండి. బారా షహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు లక్షల్లో జనం వస్తారు. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే వారిలో హిందూ సోదరీమణులు ఎందరో! కడప పెద్ద దర్గా గడప తొక్కని తెలుగు కుటుంబం ఆ జిల్లాలో ఏది? పల్లెల్లో పీర్ల పండుగ నాడు అలాయి గుండం చుట్టూ తిరిగే వారిలో ముస్లింల కంటే ఇతరులే ఎక్కువగా కనిపించే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అది మన నేల గొప్పతనం. దానిని ఎవరైనా నిర్వహణ హక్కుగా మార్చి అడిగితే ఆ గొప్పతనమే నశిస్తుంది. అతిథి యజమాని అవుతానంటే ఆ తర్వాత ఏ ఇంటివాడూ తలుపు తీయడు.

రెండవ వాదన: ప్రభుత్వం చేతిలో ఉన్నందువల్లే విహారం బాగుపడింది, 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది అని. బాగుపడితే సంతోషమే. రోడ్లు, దీపాలు, భద్రత సమకూర్చడం సర్కారు విధి. ఏ ప్రజలకైనా అది చేయాల్సిన పనే. ఆ పని చేసినందుకు ప్రతిఫలంగా ఇంటి తాళాలు తీసుకోవడం ఏ రాజధర్మం?

మూడవది: సంఘానికి ఇస్తే అక్రమాలు జరుగుతాయని. ఈ మాటను మనం కొట్టిపారేయకూడదు. మతం పేరున భూములు పోగేసుకుని పేదలను అణచినవారు ఈ బుద్ధగయలోనే ఉన్నారు. శైవ మఠం చేతిలో భూపరిమితి చట్టాన్ని దాటి వేల ఎకరాలుండగా, వాటిని దున్నే భుయాన్ కులపు దళితులకు సెంటు భూమి లేదు. 1970ల చివర విద్యార్థి యువజనులతో కలిసి వారు పోరాడారు, లాఠీలు తిన్నారు, కొందరు ప్రాణాలు ఇచ్చారు. చివరకు భూములు దక్కించుకున్నారు. స్త్రీల పేరున పట్టాలు సాధించిన తొలి పోరాటాల్లో ఒకటిగా అది చరిత్రకెక్కింది. పవిత్ర స్థలం పక్కన ఉన్నంత మాత్రాన ఎవరి చేతులూ పవిత్రం కావన్నది ఆ పోరాటం నేర్పిన సత్యం.

కాని దీనికి మందు ఏమిటి? ఏటేటా లెక్కల తనిఖీ, బహిరంగ ఎన్నికలు, తప్పు చేసినవారిపై కేసులు. 1925 నాటి సిక్కు గురుద్వారాల చట్టం పంజాబులో గురుద్వారాలను మహంతుల నుంచి విడిపించి సిక్కులు ఎన్నుకునే కమిటీకి అప్పగించింది. అక్కడ ఏ లోపాలూ లేవని ఎవరూ అనరు. అయినా ఆ లోపాలను సరిదిద్దుకునే ఓటు సిక్కుల చేతిలో ఉంది. బుద్ధగయ మహంతు నుంచి బౌద్ధులకు అటువంటి విముక్తి రాలేదు. మహంతుకు ఒక కుర్చీ మిగిల్చి, పక్కన సర్కారు వచ్చి కూర్చుంది.

అదే చెయ్యి ఇప్పుడు మన గుమ్మంలో

ఇక మన సంగతి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ఆమోదం పొందిన వక్ఫ్ సవరణ చట్టాన్ని బుద్ధగయ చట్టం పక్కన పెట్టి చదవండి. ఇంతకుముందు వక్ఫ్ బోర్డులో పార్లమెంటు, శాసనసభల ముస్లిం సభ్యులు, ముతవల్లీలు తమలో నుంచి ఎన్నుకున్న ప్రతినిధులు ఉండేవారు. ఇప్పుడు ఎన్నిక పోయి ప్రభుత్వ నామినేషన్ వచ్చింది. బోర్డులోకి, కేంద్ర కౌన్సిల్‌లోకి ముస్లిమేతర సభ్యులు వచ్చారు. బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి ముస్లిం అయి ఉండాలన్న నియమం పోయింది. ఏది వక్ఫ్ భూమి, ఏది సర్కారు భూమి అన్న తగవును తేల్చే పని సర్కారు అధికారికే అప్పగించారు. ఎవరు నియమిస్తారు, ఎవరు అధ్యక్షత వహిస్తారు, హద్దు ఎవరు గీస్తారు, తీర్పు ఎవరు చెబుతారు? బుద్ధగయలో 1949లో ఈ నాలుగు ప్రశ్నలకు ఏ జవాబు రాశారో, మన విషయంలో 2025లో దాదాపు అదే జవాబు రాశారు.

2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కొంత ఊరట ఇచ్చింది. కేంద్ర కౌన్సిల్‌లోని 22 మందిలో నలుగురికి మించి, రాష్ట్ర బోర్డులోని 11 మందిలో ముగ్గురికి మించి ముస్లిమేతరులు ఉండరాదని చెప్పింది. అధికారి నివేదిక ఆధారంగా వక్ఫ్ భూమి హోదాను, రెవెన్యూ రికార్డులను మార్చే నిబంధనలను ఆపింది. కాని ముస్లిమేతర సభ్యులు ఉండరాదని మాత్రం చెప్పలేదు. కొందరు మిత్రులు "పదకొండు మందిలో ముగ్గురే కదా" అంటున్నారు. వారికి బుద్ధగయ చూపించాలి. 'సమతూకం' అని మొదలైన ఏర్పాటు డెబ్బై అయిదేళ్ల తర్వాత కూడా ఎలా కదలకుండా కూర్చుంటుందో అక్కడ కనిపిస్తుంది. చట్టంలో ఒకసారి పడిన లెక్కను చెరపడం ఎంత కష్టమో ఆ భిక్షువులను అడగండి.

ఇంకొక విచిత్రం ఉంది. వక్ఫ్ సవరణ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టిన మైనారిటీ వ్యవహారాల మంత్రి కిరెన్ రిజిజు స్వయంగా బౌద్ధుడు. తన మతానికి మూలస్థానమైన చోట, తన సంఘానికి ఆధిక్యత ఇవ్వని చట్టం అమలులో ఉండగా, మరొక అల్పసంఖ్యాక వర్గపు ధర్మనిధులలోకి ఇతరులను తెచ్చే బిల్లును ఆయన సభ ముందు ఉంచారు. బిల్లు 'సమ్మిళితం' కోసమే అయితే, ఆ సమ్మిళితం ఎప్పుడూ ఒకే దిక్కుకు ఎందుకు ప్రవహిస్తుంది?

ఎందుకంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మూలంగా ఉన్న 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం దేవాదాయ కమిషనరు హిందువై ఉండాలి, హిందూ మతం విడిచిన నాడు పదవి కూడా విడవాలి. తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి 2024 నవంబరులో, సంస్థలో హిందువులే పనిచేయాలని తీర్మానించింది. నేను దీనిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. హిందువుల ఆలయాన్ని హిందువులు నిర్వహించుకోవాలన్నది న్యాయమైన సూత్రం. ఉద్యోగుల బతుకుతెరువు సంగతి వేరే చర్చ. నేను అడిగేది ఒక్కటే: తిరుమలలో న్యాయమైనది బుద్ధగయలో ఎందుకు అన్యాయం? హైదరాబాదులో, విజయవాడలో ఎందుకు అన్యాయం?

రాజ్యాంగం 26వ అధికరణం ప్రతి మతశాఖకూ తన మత వ్యవహారాలు నిర్వహించుకునే హక్కును, ఆస్తి కలిగి ఉండి చట్టప్రకారం దానిని పాలించుకునే హక్కును ఇచ్చింది. ప్రభుత్వం ఆ పాలనను నియంత్రించవచ్చు, కాని మతశాఖ చేతిలో నుంచి పూర్తిగా లాగివేసి మరొకరికి అప్పగించరాదని సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో చెప్పింది. ఒక హిందూ మఠం తెచ్చుకున్న తీర్పు అది. ఆ నీడ బౌద్ధులకూ, మనకూ కూడా చాలాలి. కాని 25వ అధికరణపు వివరణలో 'హిందువులు' అంటే సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా అని ఉండటాన్ని అడ్డం పెట్టుకుని, మీరూ మేమూ ఒకటే కదా అని బౌద్ధుల నోరు మూయిస్తున్నారు. అల్పసంఖ్యాక వర్గాల కమిషను చట్టం కింద 1993లోనే కేంద్రం వారిని మనతో పాటు ప్రత్యేక అల్పసంఖ్యాక వర్గంగా ప్రకటించింది. కులాసాగా ఉన్నప్పుడు అన్నదమ్ములు, కుర్చీలు పంచేటప్పుడు అల్పసంఖ్యాకులు! మనలను పరాయివారని చెప్పి తీసుకుంటారు, వారిని మనవారని చెప్పి తీసుకుంటారు. పోయేది మాత్రం ఒకటే.

మనలో మనం మాట్లాడుకోవలసినవి

ఈ వ్యాసం చదివి కొందరు సోదరులు అడుగుతారని నాకు తెలుసు: "మయన్మారులో రొహింగ్యాలను తరిమినది బౌద్ధులు కాదా? శ్రీలంకలో మన దుకాణాలు తగలబెట్టినది ఎవరు?" నిజమే. ఆ దౌర్జన్యాన్ని మనం మరువరాదు. కాని నాగపూరు బస్తీలోని దళిత బౌద్ధుడికి రఖైన్ దారుణాలతో ఏమి సంబంధం? 2001లో తాలిబన్లు బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చివేసినప్పుడు దానికి హైదరాబాదు పాతబస్తీ సంజాయిషీ ఇవ్వాలన్నవారిని మనం ఏమని నిలదీశాం? మనకు అన్వయించవద్దన్న కొలతను ఇతరులకు అన్వయించడం ఇన్సాఫ్ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బౌద్ధులు దాదాపు 84 లక్షలు. అత్యధికులు బాబాసాహెబ్ అంబేద్కర్ వెంట 1956లో, ఆ తర్వాత కులం సంకెళ్లు తెంచుకుని వచ్చిన కుటుంబాలు. సంఖ్యలో మనకంటే చాలా చిన్నవారు, పలుకుబడిలో మరీ చిన్నవారు.

మరొక హెచ్చరిక. బుద్ధగయను ఒక ఆయుధంగా వాడుకోవాలన్న ఆశ మనలో కొందరికి కలుగుతోంది. "మసీదుల కింద గుడులు వెదికేవారు గుడుల కింద విహారాలు వెదకరేమి?" అన్న మాట సభల్లో చప్పట్లు తెస్తుంది. ఆ దారి మనది కాదు. 1947 ఆగస్టు 15 నాటికి ఉన్న ప్రార్థనా స్థలాల స్వభావాన్ని మార్చరాదన్న 1991 చట్టం మీద మనం నిలబడి ఉన్నాం. దానిని మనకు అనుకూలమైన చోట ఒక రకంగా, లేనిచోట మరొక రకంగా చదవలేం. బుద్ధగయ బౌద్ధులు కోరేది తవ్వకం కాదు, కూల్చివేత కాదు. విహారం విహారంగానే ఉంది. దానిని నిర్వహించే చట్టం మారాలన్నదే వారి కోర్కె. ఆ కోర్కెలో ఎవరి పూజకూ భంగం లేకుండా చూడాలని కూడా మనం స్నేహితులుగా వారికి చెప్పాలి.

మూడవది, అన్నిటికంటే కఠినమైనది. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, భూమి ఆరు లక్షల ఎకరాలు, మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలని 2006లో సచార్ కమిటీ అంచనా వేసింది. అంత సంపద ఉన్న సముదాయంలో అనాథలు, వితంతువులు, ఫీజు కట్టలేక బడి మానిన పిల్లలు ఇందరు ఎందుకున్నారు? అన్నీ సర్కారే కాజేసిందా? కారు చౌకగా లీజులకిచ్చిన ముతవల్లీలు ఎవరు? ఖబరస్తాన్ గోడ పక్కన దుకాణాలు కట్టుకున్నవారు ఎవరు? చూసీ చూడనట్టు ఊరుకున్న జమాత్ పెద్దలు ఎవరు? సర్కారు మన ఇంట్లోకి రావడానికి తలుపు గొళ్లెం మనవాళ్లే తీశారు. ఆ తప్పు సర్కారుకు హక్కు ఇవ్వదు, కాని సాకు ఇచ్చింది. సాకు మళ్లీ దొరకకుండా చేయడం మన చేతిలో పని.

చేయవలసినది

మొదట, మీ ఊరి మసీదు, దర్గా, ఖబరస్తాన్, ఈద్గా కాగితాలు ఎక్కడున్నాయో ఈ నెలలోనే అడగండి. సర్వే నంబరు, గెజిటు, పహాణీ లేదా అడంగల్ నకళ్లు తీసి మూడు చోట్ల భద్రపరచండి. ఉమీద్ పోర్టల్‌లో మీ ఆస్తి నమోదైందో లేదో, అయితే విస్తీర్ణం సరిగా పడిందో లేదో స్వయంగా చూడండి. రెండు, జమాఖర్చులు ఏడాదికొకసారి జుమా నమాజు తర్వాత చదివి వినిపించమని కమిటీని కోరండి. లెక్క చెప్పే కమిటీని కాపాడుకోవడం తేలిక, లెక్క చెప్పని కమిటీని కాపాడమని అడగడం సిగ్గుచేటు. మూడు, వక్ఫ్ కోసం సభ పెట్టినప్పుడు మీ పట్టణంలోని బౌద్ధ సంఘాన్ని పిలవండి. వారు బుద్ధగయ కోసం సభ పెట్టినప్పుడు పిలుపు కోసం చూడకుండా వెళ్లండి. మీ తీర్మానంలో బుద్ధగయ చట్టం రద్దు కూడా ఒక వాక్యంగా ఉండాలి.

అది బేరం కాకూడదు. మీరు మా వెంట వస్తేనే మేము మీ వెంట వస్తామనేది వ్యాపారం. సూరా హజ్ నలభయ్యవ ఆయత్‌లో అల్లాహ్ కాపాడే ప్రార్థనా స్థలాల ప్రస్తావన ఉంది. అక్కడ సన్యాసుల మఠాలు ముందు వస్తాయి, తర్వాత చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాలు, ఆఖరున మసీదులు. ఆ వరుసను మన పెద్దలు ఎన్నోసార్లు చదివారు, మనమూ చదువుతున్నాం. చదివినది అమలు చేసే సమయం ఇది.

బుద్ధగయలో తొమ్మిది కుర్చీలున్నాయి. వాటిలో నాలుగే ఇంటివారివి. ఆ లెక్క తప్పని మనం ఇవాళ గట్టిగా చెప్పకపోతే, రేపు మన బోర్డు గదిలో కుర్చీలు లెక్కపెట్టుకునేటప్పుడు ఆ మాట చెప్పడానికి మన పక్కన ఎవరు నిలబడతారు?